లావు తీగ

నా బేస్ గిటార్లోంచి ఎవరో శబ్దాన్ని దొంగిలిస్తున్నారు.

సోమవారం రిహార్సల్లో మొదటి పాట సగంలో ఉండగానే ఆ సంగతి గ్రహించాను. ఉన్న నాలుగు తీగల్లో లావు తీగను మీటితే గది పునాదుల్లోంచి లేచినట్టు రావలసిన ధ్వని రాలేదు. వేలు తీగను గీరిన చప్పుడు మాత్రం వచ్చింది. వాయించడం ఆపేశాను.

"ఏమైంది బావా?" కీబోర్డు వెనక నుంచి అడిగాడు ఎల్బియో.

"యాంప్ చచ్చింది."

"బానే వినబడుతోందిగా!"

ఎల్బియో నా భార్య నియేవెస్‌కి తమ్ముడు. మంచివాడు. కానీ కీబోర్డు వాయించేవాడికి బేస్ సంగతి తెలుస్తుందని నేనెప్పుడూ నమ్మలేదు.

శనివారం మా బ్యాండ్ పదహారేళ్ల తర్వాత మళ్లీ వేదిక ఎక్కబోతోంది. మా వీధుల్లో వాయించే కందోంబె డోళ్లు, వాటి మీద జాజ్, రెంటికీ అడుగున నా బేస్. ఒకప్పుడు మా మోంతెవిదెయో ఊళ్లో మాకు పేరు తెచ్చిపెట్టింది అదే. శనివారానికల్లా నా శబ్దం నాకు దొరకాలి. దొరక్కపోతే నేను వేదిక మీద గిటారు మెడలో వేసుకుని నిలబడ్డ మనిషిని, అంతే.

ఇంత చిన్న విషయానికి అంత గొడవ దేనికని అడిగేవాళ్లకి నా అభిప్రాయాలు తెలియవు. బేస్‌కి నాలుగు తీగలు చాలు. నాలుగింటితో చెప్పలేనివాడు ఐదోదానితోనూ చెప్పలేడు. గాజు వాల్వులున్నదే యాంప్. దాన్ని ఎత్తితే నడుము పట్టెయ్యాలి, వేడెక్కితే దుమ్ము కాలిన వాసన రావాలి. ఇప్పటి కుర్రాళ్లు టిఫిన్ డబ్బా అంత యాంప్‌ని చంకలో పెట్టుకుని వస్తున్నారు. అందులోంచి చప్పుడొస్తుంది, బరువు రాదు. బొటనవేలితో తీగను చరిచేవాళ్ల గురించి మాట్లాడను. బూతులు మాట్లాడొద్దని మా అమ్మ చెప్పింది. ఇక ఫ్యూజన్. డోలు పక్కన శాక్సోఫోన్‌ని నిలబెడితే అది ఫ్యూజన్ అయిపోదు, బస్టాపు అవుతుంది. డోలు నడకను బేస్ నడవాలి. మా కందోంబెలో మూడు రకాల డోళ్లుంటాయి. వాటిలో పెద్ద డోలు నేల. బేస్ ఆ నేల కింద ఉండాలి.

ఆ కిందే ఇప్పుడు ఖాళీ అయిపోయింది.

మొదటి అనుమానం తీగల మీద. కొత్తవి వేశాను. మార్పు లేదు. రెండో అనుమానం వాల్వుల మీద. యాంప్‌ని తోపుడుబండి మీద వేసుకుని యమందూ కొట్టుకి తీసుకెళ్లాను. యమందూ రేడియోలు, యాంప్‌లు బాగుచేస్తాడు. ఆదివారాలు మా వీధి డోళ్ల దండులో పెద్ద డోలు మోస్తాడు, శనివారం మా కచేరీలోనూ వాయిస్తాడు. దాన్ని అతనిలా వాయించేవాడు మా పేటలో మరొకడు లేడు.

"వాల్వులన్నీ మార్చేశాను దార్దో. ఇంకేం మార్చమంటావు, నిన్నా?" అన్నాడు.

"జలుబు చేసిందా? గొంతు పీలగా ఉందేంటి?" అన్నాను.

"నాకా? లేదే!"

"నదిగాలి. మఫ్లరు చుట్టుకో."

ఆ వారం ఊళ్లో మగాళ్లందరికీ జలుబే. రొట్టెల కొట్టువాడికి, బస్సు డ్రైవరుకి, ఎల్బియోకి. ఈ ఏడు చలి తొందరగా వచ్చిందనుకున్నాను.

మూడో అనుమానం స్పీకర్ పెట్టె మీద. అరువు తెచ్చిన పెట్టె పెట్టినా అదే తీరు. గదిలో తివాచీ తీసేశాను. యాంప్‌ని మూలకి జరిపాను. యాంప్ మీద బేస్ పెంచే మీటని చివరిదాకా తిప్పాను. నియేవెస్ వంటింట్లోంచి విరిగిన కప్పు చెవి పట్టుకుని వచ్చింది.

"ఏమయ్యా, అల్మరాలో కప్పులు వాటంతటవే నడిచి వెళ్లిపోతున్నాయి. ఇది ఆత్మహత్య చేసుకుంది. కాస్త తగ్గించవా?"

"ఇంకా పెంచాలి."

"పై వాటా ఓల్గమ్మగారి కట్టుడుపళ్లు గ్లాసులో గలగలలాడుతున్నాయట. ఆవిడ కిందికి దిగొస్తే మాట్లాడేది నువ్వే, నేను కాదు."

"సంగీతం తెలియని పళ్లు."

ఎల్బియో పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు. నా అరికాళ్ల కింద నేల అదురుతోంది. చెవికి మాత్రం ఏమీ అందడం లేదు. కాళ్లదాకా వచ్చింది చెవిదాకా రావడం లేదంటే దారిలో ఎవరో కాపు కాసి ఉన్నారన్నమాట. ఎవరు?

ఎల్బియో ఎడమ చెయ్యి.

కీబోర్డు వాయించేవాళ్ల జబ్బే అది. ఎడమ చేత్తో కింది మీటలు నొక్కుతూ బేస్ వాడి కంచంలో చెయ్యి పెడతారు. శుక్రవారం మధ్యాహ్నం ఆ మాట వాడి మొహం మీదే అనేశాను.

"నా ఎడం చెయ్యి దొంగా?" అన్నాడు ఎల్బియో. మెడలో మఫ్లరు తీసి, దాంతో ఆ చేతిని తన నడుముకి నియేవెస్ చేత కట్టించుకున్నాడు. "ఇప్పుడు వాయించు బావా. నా కుడిచేతికి నీ ఊళ్లో పనేం లేదు."

వాయించాం. వాడు ఒంటిచేత్తో, నేను రెండు చేతులతో. లావు తీగ మీద గీరుడు తప్ప మరేమీ లేదు.

అప్పుడు నా నోటి నుంచి రాకూడని మాట వచ్చింది. "యాంప్‌ని నువ్వే కెలికావు. ఆ డబ్బా యాంప్ కొనమని ఏడాదిగా పోరుతున్నావు. కచేరీలో నాకు బుద్ధి చెప్పాలని చూస్తున్నావు."

ఎల్బియో మఫ్లరు ముడి విప్పుకున్నాడు. చాలాసేపు పట్టింది. నియేవెస్ సాయం చేయబోతే వద్దన్నాడు.

"నువ్వు కింద లేకపోతే నా ఎడం చెయ్యి ఎక్కడికి పోవాలో దానికే తెలీదు. నిన్ను చెడగొట్టి నేను బాగుపడేది ఏముంది బావా?"

కోటు తొడుక్కుని వెళ్లిపోయాడు. నియేవెస్ వంటింట్లోకి వెళ్లి తలుపు వేసుకుంది. థియేటర్‌లో ఏదో మరమ్మతు వచ్చి కచేరీ మరుసటి శనివారానికి వాయిదా పడిందని ఆ సాయంత్రమే కబురు వచ్చింది. దొంగని పట్టుకోవడానికి గడువు దొరికిందని సంతోషించాను.

ఆదివారం సాయంత్రం చంకలో మాతె టీ ఫ్లాస్కు పెట్టుకుని వీధిలోకి వెళ్లాను. పాత పేపర్లు, విరిగిన పళ్లపెట్టెలు వేసి మంట పెట్టి, డోళ్ల చర్మాలు బిగిసేదాకా కాచి, దండు అప్పటికే బయల్దేరింది. ఇంకా మలుపు తిరగలేదు. ఈ మూల మీద జనం గుమిగూడి ఉన్నారు. వాళ్లలో ఎల్బియో కూడా ఉన్నాడు. నన్ను చూసి తల ఊపాడు, దగ్గరికి మాత్రం రాలేదు.

చెవులు రిక్కించాను. చిన్న డోళ్ల టకటక వస్తోంది. మధ్య డోళ్లు కొంటెగా జవాబిస్తున్నాయి. అంతే. నాకు ఒళ్లు మండింది.

"ఇదేం దండు? పెద్ద డోళ్లేవీ?" అన్నాను గట్టిగా. "యమందూ రాలేదా? జలుబు ముదిరి మంచమెక్కాడా? పెద్ద డోలు లేకుండా వీధిలోకి రావడానికి సిగ్గుండక్కర్లా?"

మూల మీద అందరూ గొల్లుమన్నారు. "దార్దోకి ఆకలేస్తోంది, కడుపులో పడేదాకా ఏదీ వినపడదు!" అంది పూలమ్మే ఆవిడ. ఎవరో నా వీపు తట్టారు.

ఎల్బియో ఒక్కడే నవ్వలేదు.

దండు మలుపు తిరిగింది. మొదటి వరుసలో యమందూ ఉన్నాడు. అతని పక్కన మరో ముగ్గురు. నాలుగూ పెద్ద డోళ్లే. ఒక చెయ్యి చర్మం మీద, మరో చేతిలో కర్ర, నలుగురివీ కలిసి లేస్తున్నాయి, కలిసి పడుతున్నాయి. పడిన ప్రతిసారీ పూలమ్మే ఆవిడ బుట్టలో ఆకులు అదురుతున్నాయి.

నేను రోడ్డు మీదికి వెళ్లి యమందూ డోలు మీద అరచెయ్యి ఆనించాను. మోచేతి దాకా జలదరించింది. చెవిలో మాత్రం ఎండు కర్ర టక్ టక్.

"ఏంట్రా, అడ్డంగా! దారి వదులు!" అని యమందూ అరిచాడు. అదే పీలగొంతు. మఫ్లరు చుట్టుకోలేదు. అతనికి జలుబు లేదు. ఎవరికీ జలుబు లేదు.

ఎల్బియో నా మోచెయ్యి పట్టుకుని పేవ్‌మెంటు మీదికి లాగాడు. దండు మా ముందు నుంచి వెళ్లిపోతోంది.

"ఎన్నాళ్ల నుంచి బావా?"

"తెలీదు. యాంప్ అనుకున్నాను."

మర్నాడు నియేవెస్ నన్ను తీసుకెళ్తే, చెవుల డాక్టరు గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. కాగితం మీద గీత కుడివైపు, పై స్వరాల దగ్గర, చదునుగా ఉంది. ఎడమవైపు, కింది స్వరాల దగ్గర, గోతిలోకి జారిపోయింది.

"పై స్వరాలు బాగున్నాయి. కిందివి పోయాయి. రెండు చెవుల్లోనూ. ఇలా కింది నుంచి పోవడం అరుదు."

"తిరిగి వస్తాయా?"

"మందు రాస్తాను. వస్తాయని మాత్రం చెప్పలేను. ఉన్నవి నిలబడితే అదే పదివేలు. మీరేం చేస్తుంటారు?"

"సంగీతం," అంది నియేవెస్.

"ఏ వాయిద్యం?"

నియేవెస్ నా వేళ్ల వంక చూసింది.

ఆ సాయంత్రం ఎల్బియో ఇంటికి వెళ్లి, గుమ్మంలో నిలబడి, "యాంప్ బానే ఉందట," అన్నాను. క్షమించమనడం నాకు చేతకాదు.

"తెలుసు," అన్నాడు. పక్కకి జరిగి లోపలికి రానిచ్చాడు. "శనివారం వాయిస్తావా?"

"పాటలు వేళ్లకి తెలుసు."

వాయించాను. ట్యూనర్ మీద సూది చూసి శ్రుతి చేసుకున్నాను. మా పక్కన పెద్ద డోలు వాయిస్తున్న యమందూ కర్ర మీదే కళ్లు పెట్టుకుని, అది పడినప్పుడల్లా నా వేలూ తీగ మీద పడేశాను. చెవులతో చేయాల్సిన పనిని కళ్లతో చేయడం కత్తి అంచు మీద నడిచినట్టుంది. చివర్లో జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. చప్పట్లు నాకు బ్రహ్మాండంగా వినిపించాయి. అవి పై స్వరాలు.

ఎలా ఉందని యమందూని అడిగాను. అదిరిందన్నాడు. ఎల్బియో అదే మాటన్నాడు. నియేవెస్ అదే మాటంది. శబ్దం విషయంలో జీవితంలో ఎవరి మాటా నమ్మనివాణ్ణి. నాకు యాంప్ అమ్మినవాడినే నమ్మలేదు.

మర్నాడు మధ్యాహ్నం రావియోలీ తినడానికి ఎల్బియో వచ్చాడు. కచేరీ రికార్డింగ్ తెచ్చాడు. నేనే తెమ్మన్నాను. వాడికి ఇష్టం లేదు. భోజనం బల్ల మీదే స్పీకర్ పెట్టి వినిపించాడు. శాక్సోఫోన్ ఉంది. చిన్న డోలు ఉంది. ఎల్బియో ఉన్నాడు. అలాంటి రికార్డింగ్ ఎవరైనా నా చేతికిచ్చి అభిప్రాయం అడిగితే, ఆ పూట మీ బేస్ వాడు సెలవు పెట్టాడా అని అడిగి ఉండేవాణ్ణి.

కాబట్టి నియేవెస్ కాలివంక చూడడం మొదలుపెట్టాను. బల్ల కింద ఆమె కుడికాలు తాళం వేస్తోంది. కందోంబె వీధిలో పుట్టిన మనిషి, ఆమె కాలు అబద్ధం చెప్పదు. మొదటి పాట, రెండో పాట సాఫీగా నడిచాయి. మూడో పాట మధ్యలో కాలు ఒక్క క్షణం ఆగింది. మళ్లీ అందుకుంది.

"అక్కడ తప్పాను కదూ?"

"ఎక్కడ?"

"నీ కాలు ఆగింది."

"తిమ్మిరెక్కింది. తిను, చల్లారిపోతోంది."

ఎల్బియో కంచంలోంచి తల ఎత్తలేదు. నేను స్పీకర్ దగ్గరికి వంగి, పాటని వెనక్కి తిప్పి, సరిగ్గా ఆ చోటికి ముందు నుంచి మళ్లీ పెట్టాను. బల్ల కిందికి చూశాను.

ఈసారి ఆమె రెండు కాళ్లూ కుర్చీ మీదికి ముడుచుకుని కూర్చుంది.