టేసన్లో కూకున్న నీడ

పొద్దున్న లేత్తే ఉద్దానపోల్లు ముందు సీలమండ మీద బొటనేలెట్టి నొక్కుకుంటారు. సొట్ట పడి లెగలేదంటే కిడ్నీ పోతన్నట్టే. దాలమ్మ నొక్కుకున్నాకే జీడిపిక్కల బట్టీలో పనికెల్తాది. కొడుకు కామేశు మాత్రం నొక్కుకోడు. అద్దం కాడికెల్లి సొక్కా ఇప్పుతాడు.

"ఇంకా సన్నంగానే ఉన్నానే అమ్మా."

"గుమ్మంలో పట్టవు. నీకేటి సన్నంరా!"

ఆడి బయం ఆడిది. కిడ్నీ జబ్బుతో అయ్య గోవిందు పోయిన్నాడు పీనుగునెత్తింది ఆడే. ఎండు కొబ్బరాకంత బరువు లేదు. ఆ తేలిక ఆడి సేతుల్నొగ్గలేదు. పగలు ఆటో తోలీవోడు. సాయంత్రం పలాసలో జిమ్ము నడిపీ ఢిల్లీశ్వరరావు సేత కండలకి సూది పొడిపించుకునీవోడు.

కండలొచ్చాయి. నీడ సిక్కిపోయింది. ఒకనాడు ఆడినొగ్గీసి, వైజాగు ఆసుపత్రికెల్లీ కిడ్నీ రోగుల పక్కన రైలు టేసన్లో కూకుంది.

"ఒదినా, నీ కొడుకు నీడ ఎండలో మాడిపోతన్నాది. గొడుగైనా పట్టకపోయావా?" అంది బట్టీలో దాలమ్మతో పనిసేసీ పెద్దతల్లి, పప్పు మీద తొక్క తీస్తా.

"ఆడికి సెప్పాను. 'కాలు కూడా లావెక్కింది సూడే' అని మురిసిపోతన్నాడు."

ఉద్దానంలో పుట్టినోడు వాపుని కండనుకున్నాడు.

అయ్య ఫొటో పక్కన తనది తగిలిద్దామని కామేశు స్టూడియోకెల్లాడు. ఫొటోలు తీసీ సింహాచలం లైటు అటూ ఇటూ తిప్పి ఇసుక్కున్నాడు.

"నీడ లేకపోతే కండ గీత కనబడదు బావా. పిండిముద్దలాగున్నావు. ఫొటో దండగ. ఎల్లి తెచ్చుకో."

టేసన్ మెట్లెక్కీసరికే కామేశుకి రొప్పొచ్చీసింది. బట్టీ మానీసి దాలమ్మ అక్కడే కూకున్నాది, నీడ పక్కన, ఒల్లో సద్దన్నం మూటతో.

"లెగు. ఇంటికి పోదాం," అని నీడ రెక్క పట్టుకున్నాడు.

నీడ లెగలేదు. వొంగి ఆడి సీలమండ మీద బొటనేలెట్టి నొక్కింది. సొట్ట పడింది. ముగ్గురూ సూసారు. ఆ సొట్ట లెగలేదు.

"అయ్యలాగ అయిపోతానని బయమేసిందే," అన్నాడు కామేశు.

"తెల్సు. వైజాగు బండొచ్చింది, నడు," అంది దాలమ్మ.

గోవిందుని ఈ బండిలోకి మోసి ఎక్కించారు. కామేశు తన కాల్లతో ఎక్కాడు. నీడ ఆ కాల్ల కిందకి సేరింది.

సొట్ట మాత్రం బండి హరిశ్చంద్రపురం టేసను దాటినా లెగలేదు.