మూడో మలుపులో పొగ

దోర్నాల ఘాట్ రోడ్డు మూడో మలుపులో కారు వెనకనుంచి పొగ లేచింది. మార్కాపురం మెకానిక్ సుందరరాజు బండి ఆపాడు. ఆ పాత జర్మన్ కారు ఇంజన్‌కు బలం పెంచడానికి ఆరు నెలలు కష్టపడ్డాడు.

“ఆగకుండా కొండెక్కకపోతే నీకు పైసా ఇయ్యకుండా కారు మద్రాసు మెకానిక్‌కే ఇస్తానని చెప్పినానా లేదా?” అన్నాడు యజమాని చెన్నయ్య.

సుందరరాజు వెనక మూత ఎత్తాడు. నీళ్లు అక్కర్లేని ఇంజన్ అది, ఫ్యాన్ లాగే గాలితోనే చల్లబడుతుంది. ఆ ఫ్యాన్‌కు అడ్డంగా తడి గోనెపట్ట కట్టి ఉంది.

“ఇదెవరు కట్టినారు మామా?”

“నాకేం తెలుసు?” చెన్నయ్య లోయవైపు తిరిగాడు.

వెనక సీట్లో అతని భార్య కొండమ్మ గొంతు సవరించుకుంది. పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆమె మొగుడి పేరు పలకలేదు.

“నీ ఇంజన్ మంచిదే నాయనా. దానికి ఎండదెబ్బ తగలకూడదని పొద్దున గోనెపట్ట కట్టింది చెన్నయ్య.”