ఎల్క్ బెండ్‌కి ఉన్న ఒక్క గుట్ట

ఎల్క్ బెండ్‌లో ఎల్క్ దుప్పి కనపడి వందేళ్ళు దాటింది. పేరులోని ఏటి వంపును కూడా మార్లిస్ తాతగారి కాలంలోనే ప్రభుత్వం వారు తవ్వి తిన్నగా చేసేశారు. ఊరి మొదట్లో పచ్చ బోర్డు మీద జనాభా మూడు వేల పైచిలుకు అని రాసి ఉంటుంది. అది పాత లెక్క. ఆ తర్వాత పోయినవాళ్ళలో సగం మందికి, చర్చి కింది హాల్లో అంత్యక్రియలకొచ్చినవాళ్ళకి హామ్ శాండ్‌విచ్‌లు పెట్టి మరీ, మార్లిస్ వీడ్కోలు చెప్పింది కాబట్టి ఆమెకి తెలుసు.

ఊళ్ళో చూడదగ్గవి మూడని కాఫీ హోటల్లో ప్లేటు కింద పరిచే కాగితం చెబుతుంది: ధాన్యం నిలవచేసే ఎత్తైన ఎలివేటరు, నీళ్ళ ట్యాంకు, హైవే పక్కన సిమెంటుతో పోసిన రెండు నిలువుల ప్రెయిరీ కోడి బొమ్మ. గుట్ట ఆ కాగితంలో లేదు. దాన్ని అచ్చు వేయించడానికి ఎవరికీ మనసొప్పలేదు. ఎందుకంటే అది దేవుడు పెట్టిన గుట్ట కాదు, పాత చెత్తకుప్ప మీద హైస్కూలు పునాది తవ్విన మట్టి పోస్తే అయిన గుట్ట. అయితేనేం, ఎటు చూసినా మొక్కజొన్న, సోయా, ఆ పైన ఆకాశం తప్ప ఇంకేమీ లేని చోట మూడు నాలుగు నిలువుల ఎత్తంటే మాటలా. మంచు పడితే ఊరి పిల్లలంతా దాని మీదే జారతారు.

గుట్టకి ఎదురుగా వృద్ధాశ్రమం. అందులో కిటికీ పక్క గదిలో మార్లిస్ భర్త డెల్మర్ ఉంటాడు. పక్షవాతం వచ్చి కుడి వైపు పడిపోయింది, నోరు మాత్రం బ్రహ్మాండంగా ఉంది. ఎలివేటరు మీద పనిచేసినన్నాళ్ళూ ఊరిని పైనుంచి చూసిన మనిషి ఇప్పుడు కుర్చీలోంచి గుట్టను చూస్తాడు. చలికాలం జారే పిల్లలకి మార్కులు వేస్తాడు. ఎండాకాలం, గుట్ట మీద కూచున్న జంటల్లో ఎవరికి ఎవరితో పొసగదో ముందే చెబుతాడు.

"గుట్ట తీసేస్తారట," అన్నాడు ఆ గురువారం, ఆమె కోటు విప్పకముందే. "నర్సు చెప్పింది. చవక సరుకుల కొట్టు పెడతారట. గుట్ట ఉన్నచోట కార్లు నిలుపుతారట."

"ఇంకా ఖాయం కాలేదు. సోమవారం కౌన్సిల్ మీటింగుంది."

"నాకేం. కార్ల మీద నంబర్లు చదువుకుంటూ కూచుంటా. నువ్వేం పట్టించుకోకు."

ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో డెల్మర్ 'పట్టించుకోకు' అన్న ప్రతిసారీ మార్లిస్ పరుగెత్తి పట్టించుకోవలసే వచ్చింది. ఈసారి ఆ మాట అన్నాక అతను ఆమె వైపు చూడలేదు, కిటికీ వైపే చూశాడు. 

శుక్రవారం రెండు ట్రేల నిండా నిమ్మకాయ బార్లు, అదే నిమ్మరసం వేసిన కేకు ముక్కలు, చేసి ఇల్లిల్లూ తిరిగింది. ఆర్డిస్ అనే స్నేహితురాలు బారు కొరికి, "ఎంత అన్యాయం మార్లిస్. నా పిల్లలు ముగ్గురూ అక్కడే పళ్ళు విరగ్గొట్టుకున్నారు," అంది.

"మరైతే సోమవారం వచ్చి ఆ మాట అను."

"చూద్దాంలే."

అందరిదీ అదే పాట. అన్యాయమే, చూద్దాంలే. మేయరు గేలెన్ ఊల్‌మన్ మార్లిస్‌తో చిన్నప్పుడు ఒకే బెంచీలో కూచుని చదువుకున్నాడు. ఇప్పుడు ఇనపసామాన్ల కొట్టు నడుపుతున్నాడు. కౌంటరు వెనక మేకులు సర్దుతూ గొంతు తగ్గించి, "నాకూ ఇష్టం లేదు," అన్నాడు.

"నువ్వు మేయరువి కదా. వద్దని చెప్పు."

"పాపం ఆ కంపెనీ మనిషి న్యూజెర్సీ నుంచి అంత దూరం వచ్చాడు కదా మార్లిస్."

"వాస్కోడగామా అంతకంటే దూరం వచ్చాడు. అయితే?"

గేలెన్ మళ్ళీ మేకుల్లో పడ్డాడు.

సోమవారం హాలు నిండింది. కంపెనీ తరఫున వచ్చిన డొమినిక్ సార్టోరి చురుకైన మనిషి. బొమ్మలు చూపించాడు, ఉద్యోగాలన్నాడు, పన్నులన్నాడు. "ఎవరికైనా అభ్యంతరమా?" అని అడిగాడు.

అందరూ తమ బూట్లు చూసుకున్నారు. మార్లిస్ మూడు రోజులుగా అద్దం ముందు నిలబడి అనుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. లేచి నిలబడింది కూడా. సార్టోరి ఆమెని చూసి నవ్వాడు. "అక్కడ కాఫీ పక్కన పెట్టిన నిమ్మకాయ బార్లు మీరు చేసినవేనా అమ్మా? మా అమ్మ కూడా ఇంత బాగా చేయదు. చూడండి, మొత్తం గుట్ట వద్దంటే సగమే తీసుకుంటాం. మీకు ఇబ్బందేమైనా ఉంటుందా?"

"అయ్యో, మా గురించి మీరేం ఇబ్బంది పడకండి," అంది మార్లిస్.

అని కూచుంది.

ఇందులో ఆమె తప్పు ఉందని ఆ హాల్లో ఎవరూ అనరు. ఆ ప్రాంతంలో మొదటిసారి అడిగితే మనిషన్నవాడు 'పరవాలేదు' అనాలి. వడ్డిస్తుంటే 'వద్దు' అనాలి. కుర్చీ వేస్తే 'నిలబడే ఉంటాలెండి' అనాలి. అడిగినవాడు ఇంకోసారి అడుగుతాడు, అప్పుడు కాస్త మెత్తబడాలి. మూడోసారికి అసలు సంగతి బయటపడుతుంది. చర్చిలో పెళ్ళి ప్రమాణాలు తప్పిస్తే ఎల్క్ బెండ్‌లో ఒక్కసారికే తేలిపోయిన ముచ్చట లేదు. మార్లిస్ రెండో ప్రశ్న కోసం ఎదురు చూస్తూ కూచుంది. అప్పటికి సార్టోరి కాగితం తిప్పేశాడు. "సగం గుట్టకి అందరూ ఒప్పుకున్నట్టే. శుక్రవారం సంతకాలు," అని గేలెన్‌తో చెయ్యి కలిపాడు.

బయట కార్ల దగ్గర ఆర్డిస్ ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వే సరే అన్నావు కదాని మేమంతా ఊరుకున్నాం."

"నేను సరే అనలేదు."

"వద్దనీ అనలేదు కదే."

మార్లిస్‌కి ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీదో తెలియక కారు తలుపు మీద చూపించింది. ఆ తలుపు అసలే సరిగా పడదు, మళ్ళీ తెరిచి మళ్ళీ వేయవలసి వచ్చింది.

మర్నాడు పొద్దున్నే గుట్ట మధ్య నుంచి గులాబీ రిబ్బన్లు కట్టిన హద్దు కొయ్యమేకులు బారుగా దిగబడి ఉన్నాయి. డెల్మర్ వాటినే చూస్తున్నాడు.

"సగం గుట్ట మీంచి జారితే పిల్లలు ఎక్కడ తేలతారు? సరుకుల బండ్లలోనా?" అన్నాడు. "ఏ తెలివిమాలినవాళ్ళు ఒప్పుకున్నారో."

"నేనే," అంది మార్లిస్.

జరిగిందంతా చెప్పింది.  "ఎన్నిసార్లు అడిగాడు?" అన్నాడు డెల్మర్.

"ఒక్కసారి."

"ఒక్కసారేనా?" డెల్మర్ నిజంగానే విస్తుపోయాడు. "వాణ్ణి ఏ ఇంట్లో పెంచారు?" ఎడం చేత్తో దుప్పటి సర్దుకున్నాడు. "పోనీలే. నేను మంచం అటు తిప్పించుకుంటా. గోడ కూడా బానే ఉంటుంది."

గోడ కూడా బానే ఉంటుందన్న మాటకి మార్లిస్ తీసిన కోటు మళ్ళీ తొడుక్కుంది.

సార్టోరి కాఫీ హోటల్లో గుడ్లు తింటున్నాడు. ఆమె ఎదురుగా కూచుని, ఊపిరి బిగబట్టి, "నాకు ఇబ్బందే," అంది.

"దేనికి?"

"నిన్న అడిగారు కదా. ఇబ్బందే. ఊరందరికీ ఇబ్బందే."

సార్టోరి ఫోర్కు కింద పెట్టాడు. "అందరూ అక్కడే కూచున్నారు. ఒక్కరూ నోరు విప్పలేదు. నాకేం కలొస్తుందా అమ్మా? గుట్ట తవ్వించడం నాకేమన్నా సరదా అనుకున్నారా? కింద చెత్తకుప్ప కూడా ఉందట, ఎంత ఖర్చో తెలుసా? రైలు కట్ట దగ్గర మూసేసిన కలప అడితి చూశాను. చదునుగా, రోడ్డు పక్కనే ఉంది. నాకు అదే కావాలి."

"మరి?"

"స్వంతదారే వద్దన్నాడు. పనికిరాని నేల, మీలాంటివాళ్ళకి అదెందుకు, ఇంకా మంచివి ఉంటాయి చూసుకోండి అన్నాడు. అమ్మేవాడే అలా అంటే ఏదో లోపం ఉందనుకోనా?"

ఆ అడితి గేలెన్‌ది. తండ్రి పోయాక మూతబడింది. దాన్ని ఎవరైనా కొంటే బాగుండునని అతను మొక్కుకోని ఆదివారం లేదని చర్చిలో పక్క వరసలో కూచునే మార్లిస్‌కి తెలుసు. తన సొమ్ముని తానే మెచ్చుకోవడం అక్కడ బట్టలు లేకుండా బజారుకి వెళ్ళడంతో సమానం. గేలెన్ మర్యాదస్తుడు. అంత మర్యాదగానూ బేరాన్ని తగలబెట్టాడు.

"లేవండి," అంది మార్లిస్.

"గుడ్లు..."

"చల్లారినా గుడ్లే. లేవండి."

ఇనపకొట్టులో గేలెన్ ఇద్దర్నీ కలిపి చూసి టోపీ తీసి చేతుల్లో నలపడం మొదలుపెట్టాడు.

"మీ అడితి గురించి ఈయనకి చెప్పు," అంది మార్లిస్.

"ఆ పాత దిబ్బా. దాన్లో ఏముంది చెప్పడానికి."

"విన్నారా?" అన్నాడు సార్టోరి.

"గేలెన్, ఏరు పొంగిన ఏడాది మీ అడితిలోకి నీళ్ళొచ్చాయా?"

"పెద్దగా రాలేదు."

"పెద్దగానా, అసలే రాలేదా?"

"రాలేదేమో. మరీ తీసిపారేసేంత నేలైతే కాదు. కానీ ఆయనకి నచ్చొద్దూ..."

మార్లిస్‌కి పళ్ళు నూరుకోవాలనిపించింది. నిన్న హాల్లో తను పలికిన పలుకే ఇప్పుడు ఎదుటి మనిషి నోటి వెంట వింటుంటే అది ఎంత కంపరంగా ఉందో తెలిసొచ్చింది.

"ఒరేయ్ గేలెన్," అంది, నాలుగో తరగతి తర్వాత మళ్ళీ ఇప్పుడే. "డెల్మర్ గోడ వైపు తిరిగి పడుకుంటానంటున్నాడు. నీ మర్యాద కోసం మా ఆయన గోడని చూస్తూ పోవాలా? నీ నేల మంచిదా కాదా? అమ్ముతావా అమ్మవా? ఒక్కసారే అడుగుతున్నా. మళ్ళీ అడగను."

గేలెన్ మెడ కింది నుంచి చెవుల దాకా ఎర్రబడ్డాడు. కొట్టు గుమ్మం వైపు చూశాడు, ఎవరూ రావడం లేదు. టోపీని చూశాడు, అది కాపాడేలా లేదు.

"మంచి నేల," అన్నాడు చివరికి, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు. "మా నాన్న మెరక వేయించాడు. ఊళ్ళో అంత గట్టి నేల ఇంకోటి లేదు. అమ్మాలని ఉంది. చాలా ఉంది." అనేసి వెనక గదిలోకి వెళ్ళిపోయాడు. లోపల ఏవో డబ్బాలు అక్కర్లేకపోయినా జరుపుతున్న చప్పుడు వినపడింది.

సార్టోరి ఆ గది వైపూ మార్లిస్ వైపూ మార్చి మార్చి చూశాడు. "గుట్ట సంగతి?"

"ముట్టుకోవద్దు. సగమూ వద్దు, పావూ వద్దు."

"సరే," అన్నాడు. ఫోను తీసి అక్కడే నిలబడి ఎవరితోనో మాట్లాడాడు. పెట్టేసి, "మావాళ్ళకీ అదే నయమట. సంతకాలు అడితికి. అయిపోయింది. నిన్ననే చెప్పి ఉంటే నాకు ఒక రోజు మిగిలేది కదా అమ్మా," అన్నాడు.

"మీరు ఇంకోసారి అడిగి ఉంటే నాకు ఒక రాత్రి నిద్ర మిగిలేది," అంది మార్లిస్.

అతనికి అది అర్థమైనట్టు లేదు. వచ్చే వారం మనుషులు వచ్చి కొయ్యమేకులు తీసేస్తారని మాత్రం చెప్పాడు.

వచ్చే వారం దాకా ఆగే ఓపిక ఆమెకి లేదు. చర్చికి వేసుకునే బూట్లతోనే గుట్ట ఎక్కింది. నేల ఇంకా గడ్డకట్టే ఉంది. మొదటి మేకు ఊడి రావడానికి రెండు చేతులూ, కాలూ, నోట్లోంచి ఎవరూ వినకూడని మాట ఒకటీ పట్టాయి. తర్వాతవి తేలికయ్యాయి. ఒక్కోదాన్నీ పీకి చంకలో పెట్టుకుంటూ, గేలెన్‌నీ, ఆర్డిస్‌నీ, న్యూజెర్సీనీ, అన్నిటికంటే ఎక్కువగా తననీ తిట్టుకుంటూ వరస చివరి దాకా వెళ్ళింది.

ఎదురుగా వృద్ధాశ్రమం కిటికీ అద్దం టకటకలాడింది. డెల్మర్ ఎడం చెయ్యి ఎత్తి ఆమె వెనక్కి చూపిస్తున్నాడు. తిరిగి చూస్తే గడ్డి చాటున ఇంకో రిబ్బను.

మార్లిస్ ఉస్సురంటూ వెనక్కి నడిచింది.