ఫేడవుట్ తర్వాత

మా పాట ఫేడవుట్ అయిపోయి ఏళ్ళు గడిచాయి. మేమింకా వాయిస్తూనే ఉన్నాం.

క్యాసెట్ వినేవాళ్ళకు 'ఇంకొక్కసారి నవ్విపో' అనే ఆఖరి లైను మెల్లగా తగ్గి మాయమవుతుంది. రికార్డింగు స్టూడియోలో అద్దాల గదిలో ఉన్న మాకు ఏదీ తగ్గలేదు. స్వామి డ్రమ్స్ కొడుతున్నాడు. నేను పాడుతున్నాను. మా బ్యాండు గిటారిస్టు క్లెమెంట్ పాట మధ్యలో గిటారును కుర్చీకి ఆనించి, అద్దం అవతలికి వెళ్ళి, సౌండు తగ్గించే మీటను కిందికి లాగాడు. ఆ రోజు నుంచి అతను రికార్డు ప్రొడ్యూసర్. ప్రొడ్యూసర్ చెయ్యెత్తేదాకా ఎవరూ ఆపకూడదు. అతను ఎత్తలేదు. గిటారు మాత్రం కుర్చీలో తన వంతు తాను వాయించుకుంటోంది. దానికున్న బుద్ధి అతనికి లేదు.

ఆ రోజు నేను ఇంట్లో పొయ్యి మీద పాలు పెట్టి వచ్చాను. పొంగుతున్న వాసన తలుపు సందులోంచి ఇప్పటికీ వస్తోంది.

అద్దంలోంచి అతని జీవితం కనిపిస్తుంది. జుట్టు నెరుస్తుంది. కొత్త బ్యాండ్లు వచ్చి పక్క గదుల్లోకి వెళ్తాయి, ఎవరూ బయటికి రారు. సన్మానాల శాలువాలు అతని మెడదాకా పేరుకుంటాయి.

ఈరోజు ఒక విలేకరి వచ్చింది. "నా పాటలకి ముగింపుండదండీ. అదే నా ముద్ర," అంటాడు క్లెమెంట్.

నా ఒళ్ళు మండిపోతుంది. లైనుకీ లైనుకీ మధ్య ఊపిరి తీసుకునే ఖాళీలోనే మేం మాట్లాడుకోగలం.

"విన్నావా స్వామీ?"

"ఇన్నానమ్మా. నా బుజం కూడా ఇన్నాది."

తర్వాతి ఖాళీలో ఊపిరి తీసుకోకుండా తలుపు తీస్తాను. నా గొంతు మైకు దగ్గరే ఉండిపోయి పాడుతోంది. తిట్టడానికి సరిపడా మాత్రం నాతో వస్తుంది.

శాలువాలు తోసుకుంటూ వెళ్ళి అతని ముందు నిలబడతాను.

"చెయ్యెత్తు."

"ఎత్తితే పాట అయిపోద్ది సుగుణా."

"అయిపోవాలి."

"అయిపోయిన పాటని మళ్ళీ ఎవరింటారు?"

"అక్కడ నా పాలు పొంగిపోతన్నాయిరా దొంగా!"

మణికట్టు పట్టుకుని పైకి లాగుతాను. చెయ్యి మోచేతి దాకా ఊడి వస్తుంది. నెత్తురు లేదు. క్లెమెంట్ రెండో చేత్తో మీటను వదలకుండా పట్టుకునే ఉన్నాడు. ఊడిన చేతిని అద్దం ముందు ఎత్తి పడతాను.

స్వామి కర్రలు ఆగుతాయి. గిటారు ఒక్కసారి మోగి ఊరుకుంటుంది. పక్క గదుల్లో బ్యాండ్లు ఒక్కొక్కటే ఆగుతాయి. నా గొంతు తిరిగొచ్చి నాలో కూర్చుంటుంది. బాగా అరిగిపోయింది. స్వామి భుజం పట్టుకుని ఏడుస్తున్నాడు.

చేతిని చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్తాను. వంటగదిలో పాలు మోకాళ్ళ దాకా ఉన్నాయి. ఆ చేతినే ఎత్తుతాను. పాలు వెనక్కి జరిగి, గిన్నె ఎక్కి, అందులోకి దిగి అణుగుతాయి. పొయ్యి కట్టేస్తాను.

ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు కిటికీలోంచి సముద్రం వినిపిస్తుంది. అదే లైను, మళ్ళీ మళ్ళీ, ఒడ్డుకొచ్చి తగ్గిపోతూ. దీన్ని కూడా ఎవడో ముగించకుండా వదిలేసి సన్మానాలకు పోయాడు. నాకు మళ్ళీ కోపం వస్తుంది. క్లెమెంట్ చేతిని కిటికీ బయటికి చాపి ఎత్తుతాను.

సముద్రం ఆగుతుంది. ఒక అల విరగకుండా నిలబడి నా వంక చూస్తోంది. దాని లోపల చేపలు ఊపిరి బిగబట్టి ఉన్నాయి.

నేను చెయ్యి దించను.