ఇద్దరు మోసే గొట్టం

పెద్ద వరద వచ్చి కింది వీధి నడుము లోతు మునిగిందే, ఆ తరువాత పదకొండో ఏట జరిగిన సంగతి ఇది.

నా భార్య పోయి అప్పటికి రెండేళ్లు. సాయంత్రాలు గదిలో ఉండబుద్ధయ్యేది కాదు. డాబా మీదికి పోయి కూర్చునేవాణ్ణి. మినుకు మినుకుమనకుండా నిలకడగా వెలిగే చుక్క ఒకటి రోజూ కనపడేది. అదేమిటని కళ్లజోళ్ల షాపాయన్ని అడిగాను. అద్దాల దుకాణంలో పలకలు కోసి, మోసి బతికినవాణ్ణి కాబట్టి ఆయనతో పాత పరిచయం. ఆయనకి సొంతంగా దుర్భిణీలు చేసే పిచ్చి ఉంది.

"అది గురుడు. మసక పడగానే మా మేడ మీదికి రా," అన్నాడు.

అక్కడ రెండు దుర్భిణీలు నిలబెట్టి ఉన్నాయి. రెండూ అమ్మేవే. ఒకటి పొట్టిగా డబ్బాలా ఉంది. రెండోది నా ఎత్తు రేకు గొట్టం. రెండింటికీ అడుగున ఆరంగుళాల అద్దమే.

ముందు పొట్టిదాంట్లో చూశాను. తడిగుడ్డ వెనక దీపం పెట్టినట్టుంది. తరువాత పొడుగుదాంట్లో చూశాను. చిన్న పళ్లెం. దాని మీద అడ్డంగా రెండు చారలు. పక్కన వరసగా నాలుగు చుక్కలు, గురుడి చందమామలట.

"ఏం పెద్దాయనా, నిద్రపోయావా అందులో?"

"చారలున్నాయి."

"ఉంటాయి మరి. ఈ అద్దానికి లోతు తక్కువ. వెలుగు దూరం పోయి కలుస్తుంది, అందుకే గొట్టం పొడుగు. బొమ్మ మాత్రం తేట."

ఆ మాట నాకు వివరించక్కర్లేదు. వంపు ఎక్కువైన అద్దం ముఖాన్ని ఎట్లా మార్చేస్తుందో నలభై ఏళ్లు చూశాను.

"శని కనపడతాడా?"

"ఉంగరంతో సహా. ఊరంతా శని వదిలితే చాలనుకుంటుంటే నువ్వు వెతుక్కుంటూ వచ్చావా? సరే, ఇల్లెక్కడ?"

"మూడో అంతస్తు. లిఫ్టు లేదు."

"ఇంట్లో ఇంకెవరుంటారు?"

"ఎవరూ ఉండరు."

"అయితే పొట్టిది తీసుకో. చంటిపిల్లలా చంకనేసుకుని ఎక్కొచ్చు. పొడుగుది ఇద్దరు మోసే సరుకు. మలుపులో గోడకి తగిలిందంటే అద్దం కదిలిపోతుంది, ఇక చారలూ ఉండవు, గీరలూ ఉండవు. రేపు తొమ్మిదికి ఒక మాస్టారు వస్తాడు. నువ్వు వదిలేసింది ఆయనకి. ఆలోపు చెప్పు."

దారిలో ప్లాస్టిక్ గొట్టం ఒకటి, అంతే పొడుగుది, కోయించుకుని తెచ్చాను. భుజాన పెట్టుకుని మెట్లెక్కాను. రెండో మలుపులో వెనక కొస గోడకి తగిలి సున్నం రాలింది. మళ్లీ దిగి ఎక్కాను. మళ్లీ అంతే. పైనుంచి ఒకడు ఎత్తి పట్టి, కిందనుంచి ఒకడు తిప్పితే పోతుంది. అంతకంటే ఇరుకు మెట్ల మీద ఏడడుగుల పలకలు ఎక్కించాం మేము.

మేము అంటే నేనూ, నా తోడల్లుడూ. ఇరవై రెండేళ్లు జోడీగా మోశాం. ఇదే ఇంట్లో కింది వాటా వాళ్లది. పలక మోసేటప్పుడు నేను ముందు, అతను వెనక. వెనకవాడికి తన పాదాలు కనపడవు. మెట్టు వస్తే మెట్టని, గుంట వస్తే గుంటని ముందువాడు చెప్పాలి. దారంతా అతనే వాగేవాడు. నేను ఆ రెండు మాటలే అనేవాణ్ణి.

వరద తీసిన వారం అన్ని దుకాణాలకీ అద్దాలు మార్చే పని పడింది. ఒక బట్టల కొట్టు ముందు మెట్టు బురదలో కూరుకుపోయి ఉంది. నేను చూశాను. పొద్దుటినుంచి దాని మీదుగా రెండుసార్లు తిరిగాం, అతనికీ తెలిసే ఉంటుందనుకున్నాను. చెప్పలేదు. అతను పడ్డాడు. పలక అతని అరచేతి మీదుగా పగిలింది.

ఆసుపత్రిలో ఒకటే అడిగాడు. "మెట్టు కనపడలేదా నీకు?"

లేదన్నాను. అప్పటినుంచి మా ఇద్దరికీ మాటల్లేవు.

గొట్టం పట్టుకుని వాళ్ల తలుపు ముందు నిలబడ్డాను. మరదలు తీసింది.

"ఏంటి బావగారూ, నీళ్ల పైపు పగిలిందా?"

"కాదు."

"మరి ఈ వయసులో కర్రసామా?"

"ఆయన ఉన్నాడా?"

నవ్వు ఆపేసింది. తడి చేతులు కొంగుకి తుడుచుకుని లోపలికి పోయింది. అతను వచ్చి గడపలో నిలబడ్డాడు. మునుపు అన్నా అని పిలిచేవాడు. ఇప్పుడు నా చేతిలో గొట్టం వైపు చూశాడు.

"ఒక దుర్భిణీ ఉంది. ఇంత పొడుగు. పైకి మోయాలి. ఇద్దరం కావాలి," అన్నాను.

అతను కుడిచెయ్యి చాపాడు. రెండు వేళ్లు లోపలికి ముడుచుకుని ఉన్నాయి. మిగిలినవి వణుకుతున్నాయి.

"ఇది దేన్నీ పట్టదు. నిండు బిందె ఎత్తలేను. తెలీదా నీకు?"

"తెలీదు."

"ఎట్లా తెలుస్తుందిలే. అడిగితే కదా."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేను గొట్టం గోడకి ఆనించాను.

"ఆ రోజు మెట్టు చూశాను," అన్నాను.

లోపల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"పదకొండేళ్లు పట్టిందా, ఈ ముక్క నోట్లోంచి రావడానికి?"

అతను ఎడమచేత్తో గొట్టం కొస పట్టి చూశాడు.

"మోయమని వచ్చావా, ఇది చెప్పడానికొచ్చావా?"

"మోయమనే వచ్చాను."

అతను ముక్కుతో ఊపిరి వదిలాడు. నవ్వో కాదో తెలియలేదు. మరదలు వెనకనుంచి, "పైకెందుకు బావగారూ, మా వరండాలో పెట్టుకోరాదా?" అంది. అతను ఆమె వైపు చూశాడు. అవుననలేదు, కాదనలేదు. లోపలికి వెళ్లిపోయాడు.

వాళ్ల వరండాలోంచి కనపడేది రెండు గోడల మధ్య చారెడు ఆకాశం. గురుడు ఆ సందులోకి ఎప్పుడొస్తాడో, ఎంతసేపు ఉంటాడో నాకు తెలియదు. పొట్టిదైతే డాబా మీద ఆకాశమంతా నాదే. ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకే షాపుకి వెళ్లి, పొడుగుది కావాలన్నాను.

"మోసేదెవరు?" అన్నాడాయన.

"మోయక్కర్లేదు."

ఇద్దరం కలిసి దాన్ని తోపుడు బండి మీద పడుకోబెట్టాం. ఎక్కడా కుదుపు తగలకుండా నిదానంగా తోసుకొచ్చాను. వాళ్ల వరండా మూలన నిలబెట్టి, మూతికి దుప్పటి కట్టాను. వాళ్ల తలుపు మూసి ఉంది. తట్టలేదు. బండి తిరిగిచ్చేసి వచ్చి, వాళ్ల తలుపుకి ఎదురుగా కింది మెట్టు మీద కూర్చున్నాను.