ఎడంచేతి మెలిక

మేస్త్రీలూ, మీకే ఈ మాట. కూలి జనాన్ని బండి వెనక ఇసుక బస్తాల మాదిరి ఎక్కించుకుని తిరుగుతారే, మీకే. బండి అడుగున ఇనుము అరుస్తుంటే తప్పు పైన కూర్చున్న ఆడమనిషి మీదికి నెడతారు. మీకు చెవుల్లేక కాదు. విన్నామని ఒప్పుకుంటే బండి ఆపాలి, బండి ఆపితే పని ఆగుతుంది. అందుకని వినరు. గుడియాత్తం మేస్త్రీ చెంగల్రాయలు కూడా ఎనిమిది నెలలు అట్లాగే వినలేదు.

చెంగల్రాయలుకు యాభై నాలుగేళ్లు, అతని వ్యానుకు ఇరవై రెండు. పొద్దున ఆరున్నరకు గుడియాత్తం బస్టాండు పక్కన పదిమందిని ఎక్కించుకుని, ఎనిమిదికల్లా వేలూరులో కట్టడం దగ్గర దింపాలి. ముందు సీట్లో తనూ, తాపీపని మునియప్పా. మిగిలినవాళ్లు వెనక చెక్కల మీద, ఇసుక మోసే బాండలీలూ పారలూ సెంట్రింగు పలకలూ కాళ్ల సందున పెట్టుకుని.

బ్రేకు తొక్కితే చాలు, 'టంగ్' మనేది.

మొదట బాండలీలని అనుకున్నాడు. మధ్య మధ్య గోనె సంచులు దూర్చాడు. టంగ్. పారలన్నీ తాడేసి బిగించాడు. టంగ్. జాకీ తీసి ఇంట్లో పెట్టాడు, స్పేరు టైరు దించేశాడు. టంగ్. బండిలో ఉన్న ప్రతి వస్తువునూ అనుమానించాడు గానీ ఒక్కసారి కూడా బండి కింద పడుకుని చూడలేదు. ఎందుకు చూడలేదో అతనికి తెలుసు. ఆ సంగతి తర్వాత.

వెనక ఎడమ పక్క, మొదటి చెక్క మీద తంగమ్మ కూర్చునేది. పదిహేనేళ్లుగా ఇటుకలు మోస్తున్న మనిషి. సద్దు మొదలైన నాలుగో రోజునే చెప్పింది.

"మేస్త్రీ, సద్దు పైన లేదు. నా పాదం కింద ఉండాది. బ్రేకు కొడితే ముందుకొక దెబ్బ, బ్రేకు ఇడిస్తే ఎనక్కొక దెబ్బ. రెండు."

"ఏం తంగమ్మా, నీ కాలికి చెవులు మొలిచినాయా?" అన్నాడు చెంగల్రాయలు. బండంతా నవ్వింది. అందరికంటే ఎక్కువసేపు మునియప్ప నవ్వాడు.

మరునాడు మేస్త్రీ, తంగమ్మ టిఫిన్ క్యారియరు చెక్కకు తగిలి మోగుతోందని తేల్చాడు. ఆమె దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. టంగ్. అయితే ఆమె కాళ్లతో బాండలీలు తన్నుతోందన్నాడు. కాళ్లు ముడుచుకుంది. టంగ్. మూడోసారి ఆమె, సద్దు కిందేనన్న మాట కట్టడం దగ్గర, ఇల్లు కట్టించుకునే ఆసామి వింటుండగా అనేసింది. చెంగల్రాయలుకు తల కొట్టేసినట్టయింది.

"బండి సంగతి నాకే నేర్పేంత దానివైతే రేపట్నుంచి బస్సులో రా, పో!" అని వీధి చివరిదాకా వినపడేట్టు అరిచాడు.

బస్సులో వచ్చింది. దిగి ఇంకో బస్సెక్కి, అక్కణ్ణుంచి నడిచి, తొమ్మిదికి చేరేది. పది రోజులు చూసి, ఆలస్యంగా వస్తోందని పనిలోంచే తీసేశాడు.

ఆమె లేని బండి కూడా టంగ్ మంది. అప్పుడైనా సిగ్గు రావాలి కదా. వచ్చింది. వచ్చినదాన్ని ఏం చేయాలో తెలియక పాటల సౌండు పెంచుకున్నాడు.

అట్లా ఏడు నెలలు గడిచాక ఒక పొద్దున, విరించిపురం దాటి హైవే మీద పోతుంటే, ముందరి లారీ ఉన్నట్టుండి ఆగింది. చెంగల్రాయలు బ్రేకు మీద నిలబడ్డాడు. టంగ్ అని కాదు, ఈసారి ఏదో విరిగినట్టు మోగింది. చెవి పట్టుకుని గుంజినట్టు బండి ఎడమకు లాగేసి, రోడ్డు దిగి, కాలువ అంచున ఆగింది. మునియప్ప నుదురు అద్దానికి కొట్టుకుని కనుబొమ్మ చీలింది. వెనక జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరి ప్రాణానికీ ఏమీ కాలేదు.

వెనకనుంచి ఒక్కరు కూడా తిట్టలేదు. దిగి, చీరలు దులుపుకుని, బస్సు కోసం నడిచారు.

బండిని తాళ్లు కట్టి వేలూరులో రిపేరు షెడ్డుకు లాక్కుపోయారు. మెకానిక్ డానియల్ చక్రం పట్టుకుని ఊపి చూసి, చేతులు తుడుచుకుంటూ అడిగాడు.

"ఇన్ని దినాలూ సద్దు ఎట్లా వస్తా ఉండె, మేస్త్రీ? ఒక దెబ్బా, రెండా?"

"రెండప్పా. బ్రేకు కొడితే ముందుకొకటి, ఇడిస్తే ఎనక్కొకటి," అన్నాడు చెంగల్రాయలు.

"అబ్బా! శానా బాగా పట్టినావే! రెండంటే ఏదో వదులై ముందుకీ ఎనక్కీ ఆడతా ఉండాది. సగం పని నువ్వే చేసి పెట్టినావు పో."

చెంగల్రాయలు ఆ మెప్పును కాదనలేదు. తీసుకుని నిలబడ్డాడు.

నుదుటికి తుండు అదుముకుని ఉన్న మునియప్ప వింటూ ఊరుకోలేకపోయాడు. "అది ఈయన పట్టింది కాదు, డానియలూ. తంగమ్మ చెప్పింది. మేము పళ్లికిలించి నవ్వినాము. నేనే ముందు నవ్వింది." ఫోను తీశాడు. "ఆమె రెండు వీధుల అవతలే, వేరే కట్టడంలో చేస్తా ఉండాది. రానీ. ఆమే చూడనీ."

తంగమ్మ చేతులకు సిమెంటుతోనే వచ్చింది. మునియప్ప కనుబొమ్మ చూసి "అయ్యో, ఆస్పత్రికి పోలేదా నాయనా?" అంది. చెంగల్రాయలు వైపు చూడలేదు.

డానియల్ ఫోను లైటు వేసుకుని బండి కిందికి దూరాడు. తర్వాత నవ్వాడు, నవ్వు మధ్యలోనే ఆపేశాడు.

"చక్రాన్ని ముందుకీ ఎనక్కీ పోకుండా పట్టే కడ్డీ ఇది. దీనికి రెండు బోల్టులుండాల. ఒకటి సగం తెగిపోయుండాది. రెండోది లేనే లేదు. దాని బెజ్జంలో..." బయటికి జరిగి చెయ్యి చాపాడు. "ఇది ఉండాది."

తుప్పు పట్టిన కట్టుకంబి. స్లాబు చువ్వలను ఒకదానికొకటి ముడేసే సన్నటి తీగ. నాలుగు పేటలు చేసి, మెలి తిప్పి, ఒరిసి ఒరిసి తెగింది.

తంగమ్మ దాన్ని తీసుకుంది. వేళ్ల మధ్య తిప్పి చూసింది. ఆ ముడులు వేలకు వేలు చూసిన మనిషి.

"మెలిక ఎడమకు తిరిగుండాది," అంది.

వేలూరులో, గుడియాత్తంలో, కంబి కట్టే ప్రతివాడూ కుడికి తిప్పుతాడు. బండిలో తిరిగే పదకొండు మందిలో ఎడంచేతి వాటం మేస్త్రీ ఒక్కడిదే. ముగ్గురి చూపులూ ఒకేసారి అతని చేతి మీద పడ్డాయి. చెంగల్రాయలు ఎడంచేతిని లుంగీ మడతలో దాచుకున్నాడు. దాచుకున్నాక, దాచుకోవడం వాళ్లు చూశారని తెలిసింది.

ఎనిమిది నెలల కింద, పొన్నైలో బావి గోడ పని ముగించుకుని వస్తుంటే బోల్టు రాలిపోయింది. దారిలో అంగడి లేదు. చేతిలో కంబి ఉంది. కట్టేశాడు. రేపు వేయిద్దాంలే అనుకున్నాడు. కాంక్రీటు పడేదాకా చువ్వలు కదలకుండా పట్టడానికే కట్టుకంబి, బరువు మోయడానికి కాదు అని కొత్తగా వచ్చిన ప్రతి కూలికీ మొదటిరోజు చెప్పేది అతనే. అదే కంబి మీద పదిమంది మనుషులను తిప్పాడు.

'మరిచిపోయినా' అందామని నోరు తెరిచాడు. మరిచిపోయుంటే బాగుండేది. టంగ్ మన్న ప్రతిసారీ గుర్తొచ్చింది. గుర్తొచ్చిన ప్రతిసారీ తంగమ్మను తిట్టాడు.

"తంగమ్మా," అన్నాడు, నేల చూస్తూ. "రేపట్నుంచి బండిలోనే రామ్మా. పనికి రా."

"ఊ. ఎట్లా పిలస్తాడో చూడు. నలుగురి ముందర తరిమి, షెడ్డులో పిలస్తా ఉండాడు." కంబిని అతని ముందు చాపింది. "బండి ఈడే ఉండనీ. ఎడమ పక్క ఒకటే కాదు, కుడి పక్క కూడా ఇప్పి చూడాల. అదయ్యేదాకా అందురమూ బస్సులోనే వస్తాము. తొమ్మిదైందని ఒక్కర్ని నువ్వు పనిలోంచి తియ్యగూడదు. రేపు ఆరున్నరకు బస్టాండు కాడికి రా. అందురి ముందర నిలబడు. ఈ కంబి పట్టుకో. ఆ చేత్తో కాదు, దాచుకున్న చేత్తో. నేనే కట్టినాను, తెలిసే తిప్పినాను, తంగమ్మ చెప్పింది నిజం అని చెప్పు. మెల్లిగా గొణగొద్దు మేస్త్రీ. నన్ను బస్సులో పొమ్మన్న నాడు ఎంత గొంతు పెట్టినావో, అంత గొంతు పెట్టి చెప్పు."