తిరిగి ఫోన్ చేయాల్సిన వాళ్లు

ద్వారకానాథ్ నాలుగో నంబరుకు ఫోన్ చేసి, ఆవిడ ఎత్తేదాకా ఓపిగ్గా ఆగి, నిన్న సాయంత్రం గెలిచింది ఆకుపచ్చ స్వెట్టర్ వేసుకున్న టీచరమ్మేనని చెప్పాడు. ఆఖరి ప్రశ్న దేని గురించి అని ఆవిడ అడిగింది. శనిగ్రహం గురించి అన్నాడు. ఆ టీచరమ్మే గెలుస్తుందని తను మొదటే అనుకున్నానని ఆవిడ తృప్తిగా ఫోన్ పెట్టేసింది. ముందున్న పొడుగు నోట్‌బుక్‌లో ఆవిడ పేరు పక్క గడిలో టిక్కు పెట్టి, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలను పైకి తోసుకున్నాడు. ఇంకా ముగ్గురున్నారు.

ఆస్ట్రేలియాలో టూవూంబా అనే ఊళ్లో ఆయన పనిచేసే చిన్న టీవీ స్టేషన్‌కు సొంత కార్యక్రమాలు తక్కువ. పెద్ద నగరం నుంచి నెట్‌వర్క్ పంపిందాన్ని అందుకుని చుట్టుపక్కల ఊళ్లకు వదలడమే దాని పని. వరదొచ్చినా, పూల ఊరేగింపు జరిగినా, స్కూలు పిల్లలు రగ్బీ ఆడినా మాత్రం నెట్‌వర్క్‌ను ఆపి ఊరి బొమ్మ వేస్తారు. ఆపే మీట ద్వారకానాథ్ వేలి కింద ఉంటుంది. ఎప్పుడు ఆపాలో చెప్పేది పొద్దున వచ్చే షెడ్యూలు కాగితం. ఇరవై రెండేళ్లలో ఆ కాగితం దాటి ఆయన వేలు కదలలేదు.

ఎప్పుడూ బలయ్యేది సాయంత్రం ఐదింటికి వచ్చే 'లాస్ట్ బెల్' అనే ప్రశ్నల ఆట. అరగంట ఆట, దానికోసం ప్రాణం పెట్టే ముసలివాళ్లు జిల్లా నిండా ఉన్నారు. ఆట ఆగిన మరుక్షణం ఫోన్లు మోగుతాయి. ఆగిన ఎపిసోడ్ మర్నాడు మధ్యాహ్నం ఒకటిన్నరకు వేస్తామని చెప్పి పెట్టెయ్యడం స్టేషన్ పద్ధతి. ద్వారకానాథ్ పద్ధతి వేరు. పేరూ నంబరూ రాసుకుని, ఆట తను స్టేషన్‌లోని నెట్‌వర్క్ తెర మీద చూసి, మర్నాడు పొద్దున ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఎవరు గెలిచారో చెబుతాడు. ఆయన్ను ఎవరూ అడగలేదు, వద్దని కూడా అనలేదు. ఒకసారి ఆఖరి ప్రశ్న మీదికి తుఫాను హెచ్చరిక వచ్చి పడితే నలభై ఒక్కమంది ఫోన్ చేశారు. అందరికీ చెప్పేసరికి రెండు రోజులు పట్టింది. అందులో ఒక రైతుకు ఎవరు గెలిచారన్నది అక్కర్లేదు, యాంకర్ ఆ పాత గళ్ల కోటే వేసుకున్నాడా అని అడిగి పెట్టేశాడు.

ఈ జబ్బు నంద్యాల నాటిది. వయసులో ఉన్నప్పుడు అక్కడి టీవీ రిలే కేంద్రంలో పనిచేసేవాడు. ఆదివారం పొద్దున పైనుంచి వచ్చే సిగ్నల్ తెగి బొమ్మ ఆగితే 'అంతరాయానికి చింతిస్తున్నాం' అన్న అట్ట ఒకటి తెర మీద పెట్టేవాళ్లు. గేటు బయట జనం తిట్టేవాళ్లు, ఇద్దరు ముగ్గురు రాళ్లు కూడా వేసేవాళ్లు. రాళ్లకు ఆయన బాధపడలేదు. తర్వాత ఏమైందో చెప్పకుండా చింతిస్తున్నామని ఊరుకోవడమే ఆయనకు నచ్చలేదు.

ముగ్గురికీ ఫోన్లు అయిపోయాక షెడ్యూలు కాగితం చేతిలోకి తీసుకున్నాడు. ఇదే ఆఖరి కాగితం. రేపటి నుంచి ఈ మీట పని బ్రిస్బేన్‌లో ఒక కంప్యూటర్ చేస్తుంది. గోడ మీది పన్నెండు తెరల్లో ఎనిమిదింటిని ముందే ఊడదీసుకుపోయారు, వాటి చోట గోడ తెల్లగా చతురస్రాలు చతురస్రాలుగా మిగిలింది. ద్వారకానాథ్‌కు అరవై రెండు. పొట్టి మనిషి, నున్నటి బట్టతల, ఏసీ చలికి ఏడాది పొడుగునా అదే గోధుమరంగు ఉన్ని కోటు. రిసెప్షన్‌లో ఉండే షెరిల్ పొద్దున కేకు తెచ్చి పెట్టింది. ఆయన పెరుగన్నం డబ్బా పక్కన అది అలాగే ఉంది.

కాగితంలో నాలుగు నుంచి ఐదున్నర దాకా స్కూళ్ల రగ్బీ ఫైనల్ అని ఉంది. 'లాస్ట్ బెల్' రేపటికి. తేదీ చూశాడు. మళ్లీ చూశాడు. ఇవాళ ఫజల్ ఎపిసోడ్.

ఫజల్ ఆయనకు ఈ నోట్‌బుక్కులోంచే దొరికాడు. పదిహేనేళ్ల కిందట ఆట ఆగిపోయిందని ఇంగ్లీషులో పోట్లాడిన ఒక టాక్సీ డ్రైవర్‌కు మర్నాడు ఫోన్ చేస్తే, ఆ ఇంగ్లీషు యాస ఎక్కడిదో ద్వారకానాథ్‌కు చటుక్కున తెలిసిపోయింది. సార్, మీది ఏ ఊరు అని తెలుగులో అడిగాడు.

"ఆదోని. ఊరు సంగతి తర్వాత గానీ, ఎవురు గెలిచిరో ముందు చెప్పబ్బా. రాత్రి నిద్ర పట్టల్యా."

అప్పటి నుంచి పండక్కి సేమ్యా పాయసం వీళ్లింటికి, దసరాకు పులిహోర వాళ్లింటికి నడిచాయి. రోజంతా టాక్సీలో రేడియో వినివిని ఫజల్‌కు తెలియని సంగతి లేదు. ఈ మార్చిలో డెబ్బై మూడేళ్ల వయసులో మెల్‌బోర్న్ వెళ్లి ఆ ఆటలో కూర్చుని వచ్చాడు. ప్రసారమయ్యేదాకా ఎవరికీ చెప్పనని సంతకం చేశానని భార్య ఖైరున్నీసాకు కూడా ఫలితం చెప్పలేదు. మీసాల చాటున నవ్వి ఊరుకునేవాడు. జూన్‌లో వాళ్ల పెళ్లయి యాభై ఏళ్లు నిండిన రోజున, బతుకంతా బంగారం కొనని మనిషి ఆమె చేతికి సన్నటి బంగారు గాజులు తొడిగాడు. ఎందుకని అడిగితే దానికీ నవ్వే. అయితే గెలిచే ఉంటాడని తెలుగువాళ్లంతా తీర్మానించారు.

జూలైలో ఊపిరితిత్తుల్లో జబ్బు బయటపడింది. ఇప్పుడు ఏజ్డ్ కేర్ హోమ్‌లో ఉన్నాడు. ద్వారకానాథ్ భార్య శేషుకుమారి అక్కడే నర్సు. హోమ్‌లో ముసలివాళ్లందరినీ ఐదింటికి తన గదిలోకి రమ్మని ఫజల్ వారం ముందే పిలిచిపెట్టాడు. ఫోన్లో చూసుకోవచ్చు కదా అంటే ఒప్పుకోలేదు. టీవీలో, ఐదింటికి, అందరితో కలిసి చూడాలి.

ద్వారకానాథ్ శేషుకుమారికి ఫోన్ చేశాడు. ఆమె కాస్త పక్కకు వచ్చి మాట్లాడింది. పొద్దున్నుంచి ఫజల్ కళ్లు తెరవలేదట. పిలిస్తే వేళ్లు మాత్రం కదుపుతున్నాడట.

"రేపు మధ్యాహ్నం వేస్తారంట శేషూ."

"రేపటిదాకా ఉండడండీ," అంది.

ఫోన్లో లైవ్ పెట్టినా ఈ జిల్లాలో వచ్చేది ఈ స్టేషన్ బొమ్మే. యాప్‌లోకి ఎపిసోడ్ ఎక్కేది రాత్రి పొద్దుపోయాకే. మిగిలిన దారి ఒకటే. స్టేషన్‌కు రెండో ఛానల్ ఉంది, ఐదింటికి అందులో పాత వంటల కార్యక్రమం మళ్లీ వేస్తారు. దాని బదులు ఆట వెయ్యొచ్చు. బ్రిస్బేన్‌లోని ప్రోగ్రాం మేనేజర్‌కు ఫోన్ చేసి, జీవితంలో మొదటిసారి ఒక కోరిక కోరాడు. ఆవిడ మర్యాదగానే వింది. ఒక పేషెంట్ కోసం షెడ్యూలు మార్చడం మొదలుపెడితే అంతుండదని, వంటల వాళ్లతో ఒప్పందం ఉందని, ఆఖరి రోజు హాయిగా గడపమని చెప్పింది. ద్వారకానాథ్ సరేనన్నాడు. ఆయన బతుకులో ఎక్కువసార్లు అన్న మాట అదే. పెళ్లిచూపుల్లో అదే అన్నాడు, శేషుకుమారికి ఆస్ట్రేలియాలో ఉద్యోగం వచ్చినప్పుడు అదే, ఈ స్టేషన్‌లో ఇంజినీర్ పోస్టు వేరే కుర్రాడికి ఇచ్చినప్పుడూ అదే.

నోట్‌బుక్ తెరిచి కొత్త వరసలో తేదీ వేసి, 'ఫజల్, లాస్ట్ బెల్' అని రాశాడు. టిక్కు గడి ఖాళీగా ఉంచాడు.

మ్యాచ్ సరిగ్గా నాలుగింటికి మొదలైంది. మామూలుగా అయితే నాలుగూ యాభైకి ముగిసిపోవాలి. కాగితంలో ఐదున్నర దాకా ఉంచింది ఆలస్యమైతే అని; ముందే ముగిస్తే ఐదింటికి నెట్‌వర్క్‌కు వెళ్లిపోవచ్చు, అది తప్పు కాదు. ఇరవై రెండేళ్లలో లేనిది ఆయన రగ్బీని కళ్లు ఆర్పకుండా చూశాడు. ఏ జట్టు ఏదో తెలియదు, ఎవరో ఒకరు గెలిస్తే చాలు. బురదలో పడి లేచే ఆ పిల్లలందరి మీదా ఆయనకు పట్టరాని కోపం వచ్చింది. నాలుగూ నలభై ఎనిమిదికి ఎర్ర చొక్కాలవాళ్లు రెండు పాయింట్లు వెనకబడి ఉన్నారు. నలభై తొమ్మిదికి వాళ్లలో ఒక బక్కవాడు బంతిని కర్రల మధ్యలోంచి తన్నాడు. స్కోరు సమం. ఎక్స్‌ట్రా టైమ్ అని కామెంటేటర్ ఆనందంగా అరిచాడు.

మైదానంలో ఆడేది ఊరి పిల్లలు, ఇళ్లలో చూసేది వాళ్లను కన్నవాళ్లు. ఆ బొమ్మ ఆపడం ఆయన వల్ల కాదు, న్యాయం కూడా కాదు. నాలుగూ యాభై తొమ్మిదికి తువ్వాలుతో అరచేయి తుడుచుకున్నాడు. భయమేసింది. భయమేసినా, ఐదు కొట్టగానే రెండో ఛానల్ మీట మీద వేలు పెట్టి నొక్కాడు. వంటల కార్యక్రమం పోయి 'లాస్ట్ బెల్' గంట మోగింది. వెంటనే శేషుకుమారికి ఫోన్ చేసి రెండో ఛానల్ పెట్టమన్నాడు. ఎందుకు, ఎవరు ఒప్పుకున్నారు అని ఆమె అడగలేదు. ఫోన్ మంచం పక్క బల్ల మీద పెట్టి రిమోట్ అందుకుంది.

స్టేషన్‌లోని తెర మీద వచ్చిన బొమ్మ ఇళ్లకు చేరడానికి మూడు నాలుగు సెకన్లు పడుతుంది. అందుకని ఫజల్ గొంతు ద్వారకానాథ్‌కు ముందు తెర మీద, ఆ తర్వాత ఫోన్లో హోమ్ గదిలోంచి, రెండుసార్లు వినపడింది. తెర మీది ఫజల్ నిండుగా ఉన్నాడు. మీసాలకు నల్లరంగు వేసుకున్నాడు. మొదటి రెండు ప్రశ్నలకు యాంకర్ మాట పూర్తికాకుండానే జవాబులు చెప్పాడు. ఫోన్లో ముసలివాళ్లు చప్పట్లు కొట్టారు.

మూడో ప్రశ్న. యాభయ్యో పెళ్లిరోజు ఏ లోహం పేరు మీద జరుపుకుంటారు?

ఆదోనిలో ఎవరికి తెలుసు ఇలాంటివి. అక్కడ పెళ్లి ఒకసారి చేసుకుంటారు, తర్వాత ఏళ్లు లెక్కపెట్టరు. రేడియోలో కూడా ఎవరూ చెప్పలేదు కాబోలు. ఫజల్ మొదటిసారి తడబడి, వెండి అన్నాడు. యాంకర్ జాలిగా తల ఊపి, బంగారం అన్నాడు. ఆ ఆటలో ఒక్క తప్పు చేసినా బయటికే; ఫజల్ వెనకున్న దీపం ఆరిపోయింది.

ఆ మూడు నాలుగు సెకన్లూ ఈ సంగతి ద్వారకానాథ్‌కు తెలుసు, ఖైరున్నీసాకు ఇంకా తెలియదు. ఫోన్ చెవికి నొక్కిపెట్టుకుని కూర్చున్నాడు. గాజుల సంగతి ఆయనకు అప్పుడు అర్థమైంది. ఫోన్లో యాంకర్ గొంతు బంగారం అంది. తర్వాత గాజుల చప్పుడు అయింది, ఆమె చెయ్యి ఎత్తి ఉంటుంది.

"దీనికా," అని ఖైరున్నీసా భర్తతో అంది. "ఆర్నెల్లు దీనికా దాస్తివి నా దగ్గర?"

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆయన వేళ్లు కదిలాయా అని ద్వారకానాథ్ అడగాలనుకుని అడగలేదు. కాసేపటికి ఆమే ఫోన్ అందుకుంది.

"ఓడిపోయినాడు తమ్ముడూ," అంది. "నా చెయ్యి పట్టుకోనుండాడు. గట్టిగానే పట్టుకోనుండాడు."

"చూసినానక్కా," అన్నాడు.

రగ్బీలో ఎర్ర చొక్కాలే గెలిచాయి. రెండో ఛానల్ సంగతి బ్రిస్బేన్‌లో ఎవరూ గమనించలేదు. ఒక్క ఫోన్ మాత్రం వచ్చిందని షెరిల్ కలిపింది. డాల్బీ అనే ఊరి నుంచి ఒక పెద్దావిడ. వంటల కార్యక్రమం చూస్తూ గిన్నెలో గుడ్లు కూడా కొట్టేసిందట, తర్వాత ఏం కలపాలో చెప్పకుండా క్విజ్ వేశారట, ఇదేం మర్యాద అని అడిగింది. ద్వారకానాథ్ మనస్ఫూర్తిగా క్షమాపణ చెప్పి, పేరూ నంబరూ రాసుకుని, కనుక్కుని చెబుతానన్నాడు.

ఆరు కావడానికి ఐదు నిమిషాలప్పుడు శేషుకుమారి మళ్లీ ఫోన్ చేసింది. ఐదూ నలభైకి ఫజల్ పోయాడని, నిద్రలోనే పోయాడని, ఖైరున్నీసా పక్కనే ఉందని చెప్పింది. ఇంటికి వెళ్లకుండా నేరుగా అక్కడికే రమ్మంది. వస్తానన్నాడు. నోట్‌బుక్ దగ్గరికి లాక్కుని ఫజల్ పేరు పక్క గడిలో టిక్కు పెట్టాడు. గీత గడి దాటింది.

ఉన్ని కోటు బొత్తాలు పెట్టుకుని, డబ్బా సంచిలో వేసుకుని, తాళాలూ గుర్తింపు కార్డూ షెరిల్ చేతికిచ్చాడు. ఆమె కౌగిలించుకుంటే ఎప్పటిలాగే చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాడు. కారు సగం దూరం వెళ్లాక నోట్‌బుక్ గుర్తుకొచ్చింది. వెనక్కి తిప్పలేదు, అక్కడ ఖైరున్నీసా ఎదురుచూస్తూ ఉంటుంది.

మీటల బల్ల మీద నోట్‌బుక్ తెరిచే ఉంది. ఆఖరి వరసలో డాల్బీ పెద్దావిడ పేరు, నంబరు, 'గుడ్లు కొట్టాక ఏమిటి' అన్న ప్రశ్న, పక్కన టిక్కు లేని గడి.